ఒక్క ప్రశ్నకు గంటన్నర: నల్లగొండలో ఒక లాజికల్ రీజనింగ్ క్లాసు

నల్లగొండ గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఆదివారాలు మాత్రమే నడిచే లాజికల్ రీజనింగ్ క్లాసులో మా అమ్మాయిని చేర్పించాను. పన్నెండు వారాల కోర్సు గత నెలలో పూర్తయింది. అందులో ఐదు ఆదివారాలు నేనూ చివరి బెంచీలో కూర్చుని పాఠం విన్నాను. అందువల్ల బ్యానరు మీది ఫొటోలు చూసి మెచ్చుకోవడమో, కట్టిన ఫీజు గుర్తుకు వచ్చి తిట్టడమో కాకుండా, విన్నది విన్నట్టు రాయగలనని అనుకుంటున్నాను. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. ఇలాంటి క్లాసులో ఎక్కడ చేర్పించినా తల్లిదండ్రులు గమనించవలసింది పాఠం చెప్పే తీరునే కనుక, దాని గురించే ఎక్కువ రాస్తాను.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతున్నది. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలన్నది ఆమె కోరిక. అందుకు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. క్లాట్ డిగ్రీ ప్రవేశ పరీక్షలో ఇప్పుడు 120 నిమిషాలలో 120 ప్రశ్నలు ఉంటాయి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, లాజికల్ రీజనింగ్ నుంచి 22 మొదలుకొని 26 వరకు ప్రశ్నలు వస్తాయి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విడిగా పెట్టే ఐలెట్‌లోనైతే 150 ప్రశ్నలకు 70 ఈ విభాగానివే. పైగా 2020 నుంచి క్లాట్ ప్రశ్నలన్నీ పేరాగ్రాఫుల రూపంలోకి మారాయి. ఒక వాదనను చదివించి, దాని బలమెక్కడ, బలహీనత ఎక్కడ, రచయిత చెప్పకుండా వదిలేసిన ఊహ ఏది అని అడుగుతారు. మన దగ్గర రీజనింగ్ అనగానే గుర్తుకు వచ్చే నంబర్ సిరీస్, రక్తసంబంధాలు, కోడింగ్-డీకోడింగ్ బిట్లు ఎన్ని వందలు చేసినా ఈ ప్రశ్నలకు అక్కరకు రావు. ఈ సంగతి తెలిసి చెప్పేవారు హైదరాబాదులో చాలామంది ఉన్నారు గానీ, ప్రతి ఆదివారం ఆడపిల్లను వంద కిలోమీటర్లు పంపించి తిరిగి రప్పించడం మాకు కుదరలేదు.

ఈ కేంద్రంలో సాధనకు అమెరికా న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ నమూనాలో ప్రశ్నలు తయారు చేసుకున్నారు. ఆ ఎంపికను నేను మొదట అనుమానించాను. నల్లగొండ పిల్లలకు అమెరికా పరీక్షతో పనేమిటనిపించింది. ఆలోచిస్తే అది తెలివైన ఎంపికే. ఆ పరీక్షలో 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ విభాగాన్ని పూర్తిగా తీసివేశారు. ఇప్పుడు మార్కులు లెక్కించే మూడు విభాగాలలో రెండు లాజికల్ రీజనింగే, ఒక్కొక్కటి 35 నిమిషాలు, ప్రతి ప్రశ్నకు ఐదు ఆప్షన్లు. చిన్న వాదనను విప్పి చూడడంలో అంతకంటె కఠినమైన సాధన దొరకడం కష్టం. ఐదు ఆప్షన్లలో నాలుగింటిని కారణం చెప్పి కొట్టివేయగలిగిన పిల్లలకు క్లాట్‌లోని నాలుగు ఆప్షన్లు భారం కావు.

ఇక అసలు విషయం. ఆరో ఆదివారం నాటి క్లాసు మొత్తం, అంటే గంటన్నర సేపు, ఒకే ఒక్క ప్రశ్న మీద నడిచింది. కొందరు తల్లిదండ్రులు దీన్నే తప్పు పట్టారు. నా దృష్టిలో మాత్రం ఈ కోర్సుకు కట్టిన ఫీజులో సగం ఆ గంటన్నరకే చెల్లింది. ఆ ప్రశ్నను తెలుగులో చెబుతాను.

ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో రెండేళ్ల క్రితం పదో తరగతి విద్యార్థులను పరీక్షిస్తే 60 శాతం మందికి పళ్ల మీద ఫ్లోరైడు మచ్చలు ఉన్నాయి. ఈ ఏడాది పదో తరగతి విద్యార్థులను పరీక్షిస్తే 30 శాతం మందికే ఉన్నాయి. ఆ ఊరికి బోరు నీటికి బదులు శుద్ధి చేసిన నది నీరు రావడం మొదలై సరిగ్గా రెండేళ్లయింది. కాబట్టి మచ్చలున్న విద్యార్థుల శాతం తగ్గడానికి నది నీరే కారణం. ఈ కింది వాటిలో ఏది నిజమైతే పై వాదన అన్నింటికంటె ఎక్కువగా బలహీనపడుతుంది?

ఆప్షన్లు ఇవి. అ: నది నీరు వచ్చిన తరువాత కూడా కొన్ని ఇళ్లవారు వంటకు బోరు నీరే వాడుతున్నారు. ఆ: నది నీరు ఇంకా రాని పక్క మండలంలో పదో తరగతి పిల్లలలో మచ్చలున్నవారి శాతం తగ్గలేదు. ఇ: రెండేళ్ల క్రితం సర్వే ముగిసిన తరువాత ఆ పాఠశాలకు వసతి గృహం కట్టారు, ఇప్పుడు పదో తరగతిలో సగం మంది ఫ్లోరైడు సమస్య లేని ప్రాంతాల నుంచి వచ్చి, పళ్ల మీద మచ్చలు లేకుండా ఉన్నవారే. ఈ: నది నీటిలో కూడా స్వల్పంగా ఫ్లోరైడు ఉంటుంది. ఉ: ఆ ఊరిలో ఫ్లోరైడు వల్ల నడుము వంగిపోయిన వృద్ధుల సంఖ్య తగ్గలేదు.

ఈ ప్రశ్నను నల్లగొండ జిల్లాలో చెప్పడంలో ఒక చిక్కు ఉన్నది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల పేర్లు వినగానే ఏ నీళ్లు గుర్తుకు వస్తాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించేందుకు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. అందువల్ల క్లాసులో ముప్పై మంది ఉంటే పాతికమంది ప్రశ్న పూర్తిగా చదవకుండానే వాదన నిజమేనని తలూపారు. పిల్లలకు బాగా తెలిసిన సంగతినే ఎంచుకుని వాళ్లను తడబడేలా చేయడం ఆ సార్ ఉద్దేశమని తరువాత అర్థమైంది.

ఆయన బోర్డు మీద పేరా రాసి, ఆప్షన్లను ఇరవై నిమిషాల దాకా చూపించలేదు. ముందుగా "కాబట్టి" అన్న మాట కింద గీత గీయించారు. దాని తరువాత ఉన్నది తీర్మానం, దానికి ముందున్నవి ఆధారాలు. ఆధారాలతో గొడవ పెట్టుకోవద్దు, అవి నిజమనే ఒప్పుకోవాలి, వాటి నుంచి తీర్మానానికి వేసిన అడుగు గట్టిదా కాదా అన్నదే మన పని అన్నారు. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందని అనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయమన్నారని, నీళ్లు రావడం, మచ్చలు తగ్గడం ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేల్చడం కూడా అలాంటిదే కావచ్చునని వివరించారు. ఆ మాట విన్న తరువాత పిల్లల ముఖాలలో వచ్చిన మార్పు, అంతకు ముందు వారం ఇదే కార్యకారణ దోషాన్ని "కాజల్ ఫ్లా" అని ఇంగ్లీషులో చెప్పినప్పుడు నేను చూడలేదు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్న చిన్నదే. "తగ్గింది ఎవరి మచ్చలు బిడ్డా?" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దేవరకొండ నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, రెండేళ్ల క్రితం పదో తరగతిలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఇంటర్ కూడా అయిపోయి ఉంటారు కదా సార్, అన్నాడు. ఆ ప్రశ్నకు తాళం అక్కడే తెరుచుకున్నది. ఏ ఒక్క పిల్లవాడి పళ్ల మీద నుంచీ మచ్చ చెరిగిపోయిందని పేరాలో ఎక్కడా లేదు. రెండు వేరువేరు తరగతులను, వేరువేరు పిల్లలను పోల్చి, వాళ్లంతా ఒకే రకం కుటుంబాల నుంచి, ఒకే రకం నీళ్లు తాగి వచ్చారని వాదన చేసిన వ్యక్తి మౌనంగా అనుకున్నాడు. ఆ చెప్పని ఊహను పైకి చెప్పగలిగితే ఆప్షన్లు చూడకముందే జవాబు ఎలా ఉండాలో తెలిసిపోతుంది.

ఆప్షన్లు వచ్చాక పని త్వరగా సాగింది. 'ఆ' అన్న ఆప్షన్ వాదనను బలహీనపరచకపోగా బలపరుస్తుంది. తొందరలో ఉన్నవారు దీన్నే జవాబుగా గుర్తిస్తారని, ఎందుకంటే అది వాదనకు సంబంధించిన మాటలాగానే వినిపిస్తుందని సార్ హెచ్చరించారు. 'ఈ' అన్నదానిలో "స్వల్పంగా" అన్న మాటే దాన్ని పనికిరాకుండా చేస్తుంది. బోరు నీటితో పోల్చి చెప్పనంత వరకు దానితో ఏమీ తేలదు. ఉ అన్నది పిల్లల పళ్ల గురించి అడిగితే వృద్ధుల ఎముకల గురించి చెబుతున్నది. అ అన్నదాని దగ్గర మాత్రం సగం క్లాసు ఆగిపోయింది. కొన్ని ఇళ్లు అంటే రెండిళ్లు కావచ్చు, రెండు వందలూ కావచ్చు. పైగా తగ్గింది సగమే కనుక, కొందరు బోరు నీరు వాడుతున్నారన్న సంగతి ఆ వాదనతో హాయిగా ఇమిడిపోతుంది, దాన్ని కూలదోయదు.

ఇ దగ్గర మా అమ్మాయి ఒక లెక్క చెప్పింది. నాకు సంతోషం కలిగించిన విషయం కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను. తరగతిలో వంద మంది అనుకుంటే యాభై మంది బయటివారు, వారిలో మచ్చలున్నవారు సున్నా. మిగిలిన యాభై మంది ఊరివారిలో మునుపటి లాగానే 60 శాతం మందికి మచ్చలుంటే ముప్పై మంది అవుతారు. వందకు ముప్పై అంటే 30 శాతమే. అంటే ఊరి పిల్లలలో ఆవగింజంత మార్పు కూడా రాకపోయినా సర్వేలో సరిగ్గా అదే సంఖ్య వస్తుంది. ప్రశ్న తయారు చేసిన సార్ కూడా ఆ అంకెలు అంత కచ్చితంగా కుదురుతాయని గమనించినట్టు లేదు. బోర్డు మీద తానే ఒకసారి వేసి చూసుకున్నారు.

నేను జీవశాస్త్రం ఉపాధ్యాయుడిని. శాశ్వత దంతాల పింగాణీ పొర దాదాపు ఎనిమిదేళ్లలోపే ఏర్పడుతుందని, ఆ వయసులో పడిన మచ్చ తరువాత నీళ్లు మార్చినా పోదని, కాబట్టి రెండేళ్ల నీటితో పదిహేనేళ్ల పిల్లల పళ్లు మారవని చెబుదామని వెనుక బెంచీ నుంచి చెయ్యి ఎత్తాను. "మీరు చెప్పింది నిజమే సార్, కానీ ఆ మాట ఆప్షన్లలో లేదు కదా" అని ఆయన మర్యాదగా నన్ను కూర్చోబెట్టారు. ఈ పరీక్షల క్రమశిక్షణ అదే. లోకజ్ఞానం ఉండాలి, కానీ ప్రశ్న గడప దాటి వెళ్లి జవాబు తెచ్చుకోకూడదు. ముప్పై ఏళ్లుగా గడప దాటించడమే వృత్తిగా పెట్టుకున్న నాకు అది కొంచెం కష్టంగానే అనిపించింది.

ఇక్కడిదాకా బాగానే ఉన్నది. ఒక అమ్మాయి మెటీరియల్ పుస్తకం చివరి పేజీలు తిప్పి, కీలో జవాబు అ అని ఉన్నదని చెప్పింది. అప్పుడు సార్ తడబడ్డారు. కీ తయారు చేసినవారు మరో కోణంలో ఆలోచించి ఉంటారని, అ, ఇ రెండూ సరైనవే అనుకోవచ్చునని అన్నారు. ఆ ఒక్క మాట అంతసేపు కష్టపడి చెప్పిన పాఠాన్ని నీళ్లపాలు చేసింది. ఐదింటిలో ఒక్కటే సరైనది, మిగిలిన నాలుగూ తప్పు అన్నదే ఈ పరీక్షలకు పునాది. రెండు సరైనవనిపిస్తే మనం పేరాను సరిగా చదవలేదని అర్థం. పిల్లలు ఇంటికి వెళుతూ మెట్ల మీద ఇదే వాదించుకోవడం విన్నాను. తరువాతి ఆదివారం ఆయన వచ్చీ రాగానే, పోయిన వారం తాను అన్నది తప్పని, జవాబు ఇ మాత్రమేనని, కీ అచ్చులో పొరపాటు జరిగిందని అందరి ముందూ ఒప్పుకున్నారు. అందుకు ఆయనను అభినందిస్తాను. కానీ యాజమాన్యం మాత్రం అదే కీతో అదే పుస్తకాన్ని ఇప్పటికీ అమ్ముతున్నది. సవరణ కాగితం ఒక్కటి అంటించమని మూడుసార్లు అడిగినా కౌంటరులో కూర్చున్నవారు అలాగే సార్ అనడం తప్ప చేసింది లేదు. 210 ప్రశ్నల పుస్తకంలో మా అమ్మాయి, ఆమె స్నేహితురాలు కలిసి ఇలాంటివి నాలుగు పట్టుకున్నారు.

మెచ్చుకోవలసిన మరొక విషయం, పాఠాన్ని తెలుగులో చెప్పి ప్రశ్నను ఇంగ్లీషులో చేయించడం. క్లాట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక ప్రశ్న ఇంగ్లీషులో చదవక తప్పదు. కానీ ఇంగ్లీషులోని "ఇఫ్", "ఓన్లీ ఇఫ్" తేడాను ఇంగ్లీషులోనే ఎంత చెప్పినా తలకెక్కని పిల్లలకు మన భాషలో ఒక్క ఏ-కారం చాలు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు అనడానికీ, ఆధార్ చూపిస్తేనే జీరో టికెట్ ఇస్తారు అనడానికీ ఉన్న తేడాను ఆయన ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం బస్సుతో చెప్పారు. చూపించకపోతే టికెట్ రాదన్నది రెండో వాక్యం. చూపించినంత మాత్రాన వస్తుందని అది చెప్పడం లేదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ కాక డీలక్స్ ఎక్కి ఆధార్ చూపిస్తే కండక్టరు టికెట్ డబ్బులు అడుగుతాడు. ఆడపిల్లలంతా ఒక్కసారిగా నవ్వారు, ఆ తరువాత ఆ రకం ప్రశ్నలలో తప్పులు చేయలేదు. పొంతన లేనట్టు కనిపించే రెండు నిజాలను కలిపే ప్రశ్నలకు పానగల్లు ఛాయాసోమేశ్వరాలయాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. సూర్యుడు కదులుతున్నా గర్భగుడిలోని నీడ ఎందుకు కదలదు అని అడిగి, అది నేరుగా పడే ఎండ వేసిన నీడ కాదని, స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడేదని చెప్పాక, రెండు నిజాలలో ఏదీ అబద్ధం కానక్కరలేదని పిల్లలకు అర్థమైంది. నాలుగు కిలోమీటర్ల దూరంలోని గుడికి ఎన్నిసార్లో వెళ్లిన నేను ఆ ప్రశ్నను ఎన్నడూ ఈ విధంగా వేసుకోలేదు.

నా ప్రధానమైన ఫిర్యాదు పుస్తకం గురించి కాదు, కరపత్రం గురించి. క్లాట్, లాసెట్ (రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష), ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) అన్నింటికీ ఒకే రీజనింగ్ కోర్సు అని అందులో అచ్చు వేశారు. ఒకే మాటను రెండు అర్థాలలో వాడి వాదన గెలవడం ఎలాంటి తప్పో ఆ క్లాసులోనే నేర్పిస్తారు. ఇక్కడ ఆ మాట రీజనింగ్. ఐసెట్‌లో విశ్లేషణ సామర్థ్యానికి 75 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో 20 డేటా సఫిషియెన్సీ (ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా అని తేల్చేవి), మిగిలినవి శ్రేణులు, పట్టికలు, కోడింగ్, క్యాలెండరు, అమరికల వంటివి. 150 నిమిషాలలో 200 ప్రశ్నలు చేయవలసిన ఆ పరీక్షలో నెగెటివ్ మార్కులు కూడా లేవు కనుక, కావలసింది వేగం, అభ్యాసం. లాసెట్‌లోనూ సామాన్య జ్ఞానం, మెంటల్ ఎబిలిటీ కలిసి 120లో 30 మాత్రమే. 2025లో ఐసెట్‌ను నిర్వహించినది మన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమే కనుక జిల్లాలో ఆ పరీక్ష రాయాలన్న ఉత్సాహం బాగా పెరిగింది. ఆ ఉత్సాహాన్ని నమ్ముకుని బ్యాచ్‌లో సగం మందిని ఐసెట్ వారితో నింపారు. ఫ్లోరైడు ప్రశ్న నడిచిన గంటన్నరలో మా పక్క బెంచీలోని బీకాం యువకుడు నాలుగుసార్లు గడియారం చూసుకున్నాడు. అతని తప్పు ఏమీ లేదు, అతనికి కావలసిన సరుకు ఆ దుకాణంలో లేదు. ఎనిమిదో వారం తరువాత అతను రావడం మానేశాడు, మిగిలిన ఫీజు తిరిగి ఇవ్వలేదని విన్నాను.

వసతుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ముప్పై మందికి సరిపడే గదిలో నలభై కుర్చీలు వేశారు, ఫ్యాన్లు తిరుగుతాయి, తాగునీటి క్యాను ఉంటుంది, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి కింది అంతస్తులో ఉన్నది. ఫీజు తొమ్మిది వేలు, పుస్తకానికి మరో ఆరు వందలు. మాక్ టెస్టులు మూడే పెట్టారు. అవి ఓఎంఆర్ షీటు మీద, నిజమైన క్లాట్ లాగానే పెన్నుతో రాయించారు గానీ, జవాబుపత్రాలు తిరిగి ఇచ్చేటప్పుడు ఎందుకు తప్పయిందో చెప్పే సమయం కేటాయించలేదు. మార్కుల జాబితా గోడకు అంటించడం మాత్రం మరచిపోలేదు. గోడ మీది మార్కుల కంటె తప్పిన ప్రశ్నలపై అరగంట చర్చ పెడితే ఎక్కువ మేలు జరిగేది.

క్లాట్ కోసమో ఐలెట్ కోసమో చదివే పిల్లలకు ఈ క్లాసును నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఐసెట్‌కు సిద్ధమవుతున్నవారు ఇందులో చేరవద్దు, ఆ డబ్బుతో పాత ప్రశ్నపత్రాలు కొని రోజూ గడియారం పెట్టుకుని చేసుకోవడం మేలు. చేరేవారు ముందుగా డెమో క్లాసుకు వెళ్లి, ఆ రోజు పాఠం చెప్పినవారే పన్నెండు వారాలూ చెబుతారా అని అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే మాకు రెండు ఆదివారాలు వేరొకరు వచ్చి పుస్తకం చదివి వెళ్లారు. పుస్తకం కొన్నవారు 41వ పేజీలోని ఫ్లోరైడు ప్రశ్నకు కీలో అ అన్నది కొట్టివేసి ఇ అని రాసుకోవాలి. మిగిలిన మూడు తప్పులు 67, 112, 158 నంబర్ల ప్రశ్నలలో ఉన్నాయి.